చారల పరిగెకు తల్లెవరు?

అనగనగా ఒక రాజ్యం. ఆ రాజ్యానికి ఎన్ని కోటలున్నాయో, ఎన్ని ఏనుగులున్నాయో అడక్కండి. ఏనుగుల్ని ఎవరూ కూర వండుకోరు. ఆ రాజ్యంలో ఒక పెద్ద సరస్సు ఉండేది. మన కథంతా ఆ సరస్సులోనే ఉంది.

దాని పేరు పెదమడుగు. ఈ ఒడ్డున నిలబడితే ఆ ఒడ్డు కనిపించేది కాదు. ఒడ్డు మీద రేవుపాకలు అనే జాలరిపల్లె. పల్లెకు పెద్ద గురువులు అనే జాలరి. అతని భార్య నూకాలు.

నూకాలు చేపలు కోసే మనిషి. తెల్లారేసరికి సంతలో కత్తిపీట ముందు కూర్చునేది. ముప్పై ఏళ్ళుగా ఊరు తినే చేపంతా ముందు ఆమె చేతిలోంచి పోవలసిందే. పొట్ట కోసి చూసిందంటే ఆ చేప నిన్న ఏం తిన్నదో, ఏ నీటిలో తిరిగిందో, గుడ్లు పెట్టడానికి ఇంకెన్నాళ్ళుందో చెప్పేసేది.

"దీని ముందు సేప కూడా అబద్దమాడలేదు. ఇంక నానెంత?" అని గురువులు నవ్వేవాడు.

పెదమడుగులో చేపలెన్ని ఉన్నా రాజమోసు రాజమోసే. బంగారు పొలుసులు, మెత్తని కండ. ఒక్కటి పడితే ఇంటిల్లిపాదికీ రెండు పూటలు గడిచేది. పట్నమంతా దాన్ని తినే బతికేదంటే అబద్ధం కాదు. అందుకే ఇప్పటి రాజుగారి ముత్తాత రేవులో ఒక రాయి పాతించి శాసనం చెక్కించాడు. "ఆషాఢ శ్రావణాలు రెండు నెలలూ రాజమోసు కడుపుతో ఉంటుంది. ఆ రెండు నెలలూ దానిమీద వల వేసినవాడు తల్లి మీద చెయ్యెత్తినవాడు."

రేవుపాకల వాళ్ళు ఆ మాట ఎన్నడూ దాటలేదు. పిల్లలు ఆకలని ఏడ్చినా దాటలేదు.

భాద్రపదం రాగానే గడువు తీరేది. ఆ రోజు పల్లెలో పరిగె పండగ. సరిగ్గా ఆ రోజులకే రెల్లు పక్కన పల్లపు నీళ్ళలోకి చారల పరిగెలు గుంపులు గుంపులుగా వచ్చేవి. వేలెడు పొడవు, వెండిలాంటి ఒళ్ళు, ఒంటిమీద ఏడు నల్లచారలు. "రెణ్ణెల్లు నోరు కట్టుకున్నారని గంగమ్మ తల్లి మనకిచ్చిన బహుమానం" అని పెద్దవాళ్ళు చెప్పేవారు. ఆడవాళ్ళు పెళ్ళినాటి చీరలు బయటికి తీసి, ఇద్దరిద్దరు చెరో కొసా పట్టుకుని, మోకాలి లోతు నీళ్ళలో దేవేవారు. కొత్తకోడలు ముందు దిగాలి. ఎవరి చీర నిండితే వాళ్ళ ఇల్లు నిండుతుందని నమ్మకం.

ఆ పూట ఇంటింటా మామిడి ఒరుగు వేసిన పరిగెల ఇగురు. తినగా మిగిలినవి వర్తకుడు కాంతయ్య కొని, ఎండబెట్టించి, బాతులకు మేతగా, కొబ్బరిచెట్లకు ఎరువుగా ఊళ్ళకు పంపేవాడు. పండగ ఒక్కరోజే. కానీ పండగ పేరు చెప్పుకుని సన్నకన్ను వలలు నెల్లాళ్ళు ఆ పల్లంలోనే ఆడేవి. తప్పని ఎవరికీ తోచలేదు. పరిగె మీద శాసనం లేదు. వేలెడు చేపకు శాసనమేమిటి?

అలా ఉండగా రాజమోసు తగ్గడం మొదలైంది. ఒక ఏడు పడవకు పది పడ్డాయి. మరుసటేడు మూడు. తర్వాత పల్లెకంతా కలిపి ఒకటి పడితే, దాన్ని చూడటానికి జనం వచ్చారు.

రాజు వసంతభూపతి చెడ్డవాడు కాదు. కాకపోతే తొందరమనిషి. పట్నంలో జనం చేప లేదని గోల పెడుతుంటే మూడేళ్ళలో మూడు ఉపాయాలు చేశాడు. మొదటి ఏడు గంగమ్మకు జాతర చేయించాడు. డప్పుల మోతకు సరస్సులో ఉన్న చేపలు కూడా అడుగుకు పోయాయి. రెండో ఏడు పడవల్లో భటుల్ని కాపలా పెట్టాడు. భటులకు పడిశం పట్టింది, పరిగెల ఇగురు మీద రుచి పుట్టింది, దొంగ మాత్రం ఒక్కడూ దొరకలేదు. మూడో ఏడు శాసనాన్ని వైశాఖం నుంచే మొదలయ్యేలా రెండు నెలల నుంచి నాలుగు నెలలకు పెంచాడు. పెద్దచేప దొరక్క జనం ఇంకా ఎక్కువ పరిగెలు పట్టుకుని తిన్నారు. ఆ ఏడు రాజమోసు ఒక్కటంటే ఒక్కటీ కనబడలేదు.

ఆ మరుసటి పరిగె పండగ రోజున రాజు స్వయంగా రేవుకు వచ్చాడు. జనమంతా చీరలు పట్టుకుని ఒడ్డున నిలబడ్డారు.

"గడువు రోజుల్లో మీలో ఎవరో దొంగచాటుగా పడుతున్నారు. ఎవరు?" అన్నాడు రాజు.

గురువులు నీళ్ళలోకి దిగి, దోసిలి పట్టి చెప్పాడు. "మారాజా, ఈ గంగమ్మ మీద ఒట్టు. మా పల్లెలో ఏ ఒక్కడూ ఆ రోజుల్లో రాజమోసుని ముట్టలేదు."

"ముట్టకపోతే ఏమైంది? రెక్కలొచ్చి ఎగిరిపోయిందా?"

గురువులు దోసిట్లో నీళ్ళు మడుగులోకి వదిలేశాడు.

"వచ్చే పరిగె పండగ దాకా గడువిస్తున్నాను. రాజమోసు ఏమైందో నాకు తెలియాలి. తెలియకపోతే మిమ్మల్నందరినీ కొండవారకు పంపి జొన్నచేలు ఇస్తాను. మడుగు పక్కన మాత్రం ఉండనివ్వను" అని రాజు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం గురువులు కంచం ముందు కూర్చుని, ముద్ద ముట్టకుండానే చెయ్యి కడిగేసుకున్నాడు. పుట్టింది మొదలు పడవ మీద పెరిగిన మనిషి. కొండవారకు పోతే ఏం చేస్తాడు? కానీ అతన్ని తొలిచేస్తున్నది అది కాదు.

"ఊరొదిలెల్లమన్నందుక్కాదే నూకాలూ. నీళ్ళలో నిలబడి ఒట్టేసాను. నా మాట నమ్మలేదు" అన్నాడు.

ముప్పై ఏళ్ళలో ఆ మనిషి గొంతు నూకాలు ఎప్పుడూ అలా వినలేదు.

మర్నాడు సంతలో పరిగెలు గుట్టలుగా పోసి ఉన్నాయి. చిన్నచేప కదా, కత్తి అక్కర్లేదు. బొటనవేలితో పొట్ట నొక్కి, పేగు లాగి, బూడిదలో రుద్దితే సరి. నూకాలు చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మనసంతా ఆ రాతి శాసనం మీదే ఉంది. రెండు నెలలు ఎందుకాపమన్నారు? రాజమోసు పొట్టనిండా జన, అంటే గుడ్లు, ఉంటుంది గనక, వాటిని పెట్టనివ్వాలి గనక.

పరిగెల గంప అయిపోయింది. తర్వాత చేదుపరిగెల గంప వచ్చింది. చేదుపరిగె ఇంకా చిన్నది, చిటికెన వేలంత. మొదటిదాన్ని నొక్కగానే ఆవగింజల్లాంటి జన బొటనవేలికి అంటుకుంది.

నూకాలు చెయ్యి ఆగిపోయింది.

ఇంత పిసరు చేపకు జన ఉంది. జెల్లకుంది, కొర్రమీనుకుంది. మరి చారల పరిగెలో జన ఎప్పుడు చూసింది తను? నిన్న లేదు. పోయినేడు లేదు. ఎంత వెనక్కి పోయి తలుచుకున్నా లేదు.

పక్క కత్తిపీట దగ్గరున్న, అక్క వరసైన అసిరమ్మను అడిగింది. "అప్పా, సారల పరిగెలో జన ఎప్పుడైనా సూసావా?"

"సూడకేటి? బోలెడుసార్లు!" అంది అసిరమ్మ. ఒకటి తీసి నొక్కి చూపించింది. పసుప్పచ్చగా ఏదో వచ్చింది. నూకాలు దాన్ని వేళ్ళ మధ్య రుద్దింది. కరిగిపోయింది. అది కొవ్వు. అసిరమ్మ ఇంకోటి నొక్కింది. ఇంకోటి. కాసేపటికి ఆ వరసలో ఉన్న ఆడవాళ్ళందరూ బేరాలు మానేసి పరిగెలు నొక్కుతూ కూర్చున్నారు. పొద్దువాలేసరికి మూడు గంపలు ఖాళీ అయ్యాయి. ఒక్క చేపలోనూ ఒక్క గుడ్డు లేదు.

ఇంటికొచ్చి నూకాలు పడవ అంచున మొగుడి పక్కన కూర్చుంది.

"మావా, రాజమోసు పిల్లని ఎప్పుడైనా సూసావా?"

గురువులు ఆలోచించాడు. "జానెడు దానికన్నా సిన్నది నా వలలో పడలేదు. మా అయ్య వలలోనూ పడలేదు."

"రాజమోసుకి పిల్లల్లేవు. సారల పరిగెకి తల్లి లేదు. ఇదేటి మావా?"

గురువులు ఆమె మొహంలోకి చూశాడు. ఏమంటోందో అర్థమై ఫక్కున నవ్వాడు. "ఓసి పిచ్చిదానా! దానొంటి మీద సారలు, దీనొంటి మీద పొలుసులు. సారలున్నాయని పిల్లి పులౌద్దేటి?"

"కోడిపిల్ల పచ్చగుంటాది. పెద్దయ్యాక ఎర్రగౌతాది. అది కోడి కాదేటి?"

గురువులు నవ్వు ఆపేశాడు. సరస్సు వైపు చూశాడు. రెల్లు పక్కన పిల్లకాయలు ఇంకా పరిగెలు దేవుతూనే ఉన్నారు.

"అదే నిజమైతే..." అని మాట పూర్తి చెయ్యలేకపోయాడు.

"నిజమో కాదో నాకు తెల్దు మావా. పెంచి సూడాల."

"పదా, మన పెరట్లో గుంట తవ్వుతాను."

నూకాలు తల అడ్డంగా ఊపింది. "మన పెరట్లో పెరిగితే ఎక్కణ్ణించో పెద్దసేపని తెచ్చి ఏసారంటారు. నీ ఒట్టే నమ్మనోలు నా గుంటని నమ్ముతారా? ఇది అబద్దమైపోవాలని ఎవులు కోరుకుంటారో, ఆళ్ళింట్లోనే పెరగాల."

మర్నాడు కడవలో పది చారల పరిగెల్ని పట్టుకుని నూకాలు కొలువుకు వెళ్ళింది. చెప్పవలసింది చెప్పింది. కొలువంతా ఘొల్లున నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాడు కాంతయ్య. నవ్వడూ మరి! పరిగె రాజమోసు బిడ్డే అయితే అతని ఎండుచేపల బస్తాలన్నీ ఏమవుతాయి?

"మారాజా, ఈ కాంతయ్య బాబుగారి తోటలో మెట్లకోనేరుంది. దాన్ని తోడించి, బురద గీయించి, మీ ముందరే ఈ పదీ అందులో వదలండి. నీరొచ్చే తూముకి గుడ్డ కట్టి ముద్రెయ్యండి. మా పల్లెలో ఎవులూ ఆ తోటగోడ దాటం. బాబుగారే మేత పెట్టాల, బాబుగారే సూడాల" అంది నూకాలు.

"నీ మాట తప్పైతే?" అన్నాడు రాజు.

"తప్పయితే తప్పని తెలుస్తాది మారాజా. అదీ తెలియాల్సిందే కదా."

రాజు కాంతయ్య వైపు చూశాడు. గెలుపు తనదేనని కాంతయ్యకు అనుమానం లేదు. "తప్పకుండా ప్రభూ! వచ్చే పండగకి ఇవే పరిగెల్ని ఇగురు పెట్టించి తెస్తాను. ఏడు చారలూ లెక్క చూసుకుని తినండి" అన్నాడు.

అలా పది పరిగెలు కాంతయ్య కోనేట్లో పడ్డాయి. రేవుపాకల బతుకు కూడా వాటితోనే పడింది. పల్లెలో కొందరు నూకాలును తిట్టారు. "పులి నోట్లో తలకాయ పెట్టి, కరవకమ్మా అన్నట్టుంది నీ తెలివి" అన్నారు. నూకాలుకూ భయంగానే ఉంది.

కార్తీకంలో ఒకరోజు కాంతయ్య అరుగు దగ్గరకు వెళ్ళింది. "ఎన్నున్నాయి బాబూ?"

"ఆరు. నాలుగింటిని లకుముకిపిట్ట ఎత్తుకుపోయింది" అన్నాడు కాంతయ్య, ఆకు నములుతూ.

"పైన వల కప్పించండి బాబూ."

"చేపలకు కాపలా కాయడమా నా పని?"

నూకాలు కళ్ళ నీళ్ళతో ఇంటికొచ్చింది. కానీ మూడోనాడు ఆ దారిన పోతూ గోడ మీంచి చూస్తే కోనేటి పైన కొత్త వల కనిపించింది.

పుష్యమాసం చలిలో, తల చుట్టూ శాలువా కప్పుకుని కాంతయ్యే సంతకు వచ్చాడు. అటూ ఇటూ చూసి, కత్తిపీట ముందు వంగి, గొంతు తగ్గించాడు.

"నూకాలమ్మా, ఒక మాట. అవి మేత ముట్టడం లేదు. ఇవాళ్టికి మూడు రోజులు."

"సలికి సేపకి ఆకలుండదు బాబూ. తవుడెక్కువ ఎయ్యకండి, నీరు కుళ్ళిపోద్ది. ఎండెక్కినాక సిటికెడు ఎయ్యండి, సాలు."

"అంతేనా? జబ్బేం కాదు గదా?" కాంతయ్య మొహం విప్పారింది. "అందులో ఒకటుందిలే. మెట్ల మీద నా కిర్రుచెప్పుల చప్పుడు వినగానే పైకొస్తుంది. దానికి నేను సీతాలు అని పేరు... ఆ, ఏం లేదు. ఊరికే అన్నాను."

"సారలెన్నున్నాయి బాబూ?"

కాంతయ్య శాలువా సర్దుకుని గబగబా వెళ్ళిపోయాడు.

వైశాఖంలో ఎండలు నిప్పులు చెరిగాయి. బావులు అడుగంటాయి. కోనేటి నీరు వేడెక్కి చేపలు చచ్చిపోతున్నాయని, ఇక ఒక్కటే మిగిలిందని సంతలో చెప్పుకున్నారు. నూకాలు పరుగున వెళ్ళింది. తలుపు వేసి ఉంది. "అయ్యగారు ఎవరితోనూ మాట్లాడరట" అని లోపల్నించి కబురొచ్చింది.

తోటగోడ నడుమెత్తు కూడా లేదు. లోపల కాంతయ్య పంచె ఎగ్గట్టి, తన చేత్తోనే బావినీళ్ళు తోడి, మోసుకొచ్చి కోనేట్లో పోస్తున్నాడు. చెమటలు కారిపోతున్నాయి. గోడ దాటి నాలుగడుగులు వేసి తొంగిచూస్తే చాలు. చారలున్నాయో లేవో తెలిసిపోతుంది. ఇన్నాళ్ళ గుబులు ఒక్క క్షణంలో తీరిపోతుంది. నూకాలు గోడ మీద చెయ్యి వేసింది.

గోడ దాటబోమని తనే మాటిచ్చింది. తను ఒక్క అడుగు వేసినా ఆ తర్వాత ఏ రుజువూ రుజువు కాదు. చెయ్యి తీసేసి వెనక్కి తిరిగింది.

ఇంటికొచ్చి గురువులుతో చెప్పుకుంది. "ఒక్క సేప మావా. అదీ ఆయన సేతిలో ఉంది. రేపు దాన్ని కూరొండుకు తినేసి సచ్చిపోయిందంటే మనమేటి సేస్తాం?"

గురువులు ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. చేపముళ్ళు గుచ్చుకుని గుచ్చుకుని గరుకెక్కిన చెయ్యి అది.

"ఏటైనా కానీ. నా మాట ఎవులూ నమ్మనప్పుడు నువ్వు నమ్మావు. నాకది సాలు" అన్నాడు.

పరిగె పండగ వచ్చింది. ఆ ఏడు ఎవరూ చీరలు తియ్యలేదు. సామాన్లన్నీ బండ్ల మీదకు ఎక్కించి ఒడ్డున నిలబడ్డారు. పల్లపు నీళ్ళలో పరిగెలు ఉన్నాయి కానీ పలచగా, అక్కడక్కడా. రాజు వచ్చి కూర్చున్నాడు. కాంతయ్య రాలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. కాంతయ్య రాలేదు.

"ఇంక చాలు" అని రాజు లేవబోయాడు.

అప్పుడు దుమ్ము రేపుకుంటూ ఒక ఎడ్లబండి వచ్చింది. బండి మీద పెద్ద ఇత్తడి గంగాళం. పక్కన కాంతయ్య నడిచి వస్తున్నాడు. చేతిలో గొడుగు ఉంది. ఎండంతా తన బోడిగుండు మీద పడుతుంటే గొడుగును గంగాళానికి పట్టి నడుస్తున్నాడు.

రాజు గంగాళంలోకి తొంగిచూశాడు. మూరెడు చేప. బంగారు పొలుసులు. చార అన్నది మచ్చుకైనా లేదు.

"కాంతయ్యా, ఇదేమిటి?"

"ప్రభూ, ఇది చారల పరిగె." కాంతయ్య గొడుగు దించలేదు. "మీరు ముద్ర వేయించిన కోనేట్లో, నా కళ్ళ ముందు పెరిగింది. కార్తీకంలో ఏడు చారలు. మాఘంలో తోక దగ్గర రెండు మాసిపోయాయి. చైత్రానికి మూడే మిగిలాయి. జ్యేష్ఠంలో మొప్ప వెనక మిగిలిన చివరిది కూడా పోయింది. ఏడు చారలూ అలాగే ఉన్నాయని మీకు చూపించి గెలుద్దామని రోజూ లెక్కపెట్టాను. అవి తగ్గుతుంటే నాకు నిద్ర పట్టేది కాదు. మొన్న మా వంటవాడు ఇగురు పెట్టమంటారా అని అడిగాడు ప్రభూ. ఆ రోజు నుంచి వాణ్ణి తోటలోకి రానివ్వలేదు. ఇన్నేళ్ళూ నేను ఎరువు కింద, మేత కింద ఎన్ని బస్తాలు..."

కాంతయ్య కండువాతో మొహం కప్పుకున్నాడు.

రాజు గురువులు ముందుకు వచ్చాడు. "గురువులూ, నువ్వు నిజమే చెప్పావు. నేనే నమ్మలేదు. తల్లి చేపను కాపాడమని మా ముత్తాత రాయించాడు. పిల్ల ఎవరో ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు. నన్ను మన్నించు" అన్నాడు.

గురువులు చేతులు జోడించాడు. బండ్ల మీది సామాన్లు దించడానికి పిల్లలు అప్పుడే పరుగెత్తారు.

అసిరమ్మ ఏడుస్తూ కూలబడింది. "ఎంత పని సేసాం నూకాలూ! రెణ్ణెల్లు తల్లిని కాపాడి, పండగ సేసుకుని మరీ పిల్లల్ని దేవుకుతిన్నాం గదే!"

నూకాలు తన బొటనవేలి వైపు చూసుకుంది. ముప్పై ఏళ్ళు ఆ వేలితో ఎన్ని పొట్టలు నొక్కిందో. సంతోషం రావలసిన చోట ఆమెకు దుఃఖం వచ్చింది.

"తెలియక సేసాం అప్పా. ఇంక తెల్సింది" అంది, అసిరమ్మ కన్నీళ్ళు తుడుస్తూ.

కాంతయ్య గంగాళాన్ని తానే ఎత్తుకుని నడుంలోతు నీళ్ళలోకి దిగాడు. వంచాడు. చేప జారి నీళ్ళలో పడింది. పోలేదు. ఆయన కాళ్ళ చుట్టూనే తిరిగింది.

"పో సీతాలూ. ఇక్కడ నీ వాళ్ళు ఎక్కడో ఒకచోట ఉండకపోరు" అన్నాడు కాంతయ్య.

చేప ఇంకో చుట్టు తిరిగింది. తర్వాత రెల్లు వైపు సాగి, లోతు నీళ్ళలో కలిసిపోయింది. కాంతయ్య చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

రాజు కొత్త శాసనం చెక్కించడానికి శిల్పిని పిలిపించాడు. నూకాలు అడ్డుపడింది. "రాతి మీదొద్దు మారాజా. రాయి తప్పు దిద్దుకోలేదు. రేవుగోడ మీద బొగ్గుతో రాయించండి. ఏటేటా సేపల్ని కోసి, కొలిచి, లెక్క సూసి, మారాలంటే మార్చుకుందాం."

అలాగే రాశారు. బొటనవేలు దూరని కన్నున్న వల మడుగులో వెయ్యకూడదు. రెల్లు పక్కన పల్లాన్ని మూడేళ్ళు ఎవరూ తొక్కకూడదు. ఆ మూడేళ్ళూ రేవుపాకలకు రాజుగారి కొట్ల నుంచి ధాన్యం వస్తుంది. పండగ నాడు పరిగెల్ని పట్టరు, ఒడ్డు మీంచి లెక్కపెడతారు. కాంతయ్య ఎండుచేపల కళ్ళం దున్నించి చెరువులు తవ్వించాడు. మూడేళ్ళు గడిచాక పరిగెల గుంపులో కొన్నింటినే కడవతో ముంచి తెచ్చి పెంచి, పెద్దవయ్యాక సగం అమ్మి సగం మడుగులో వదిలేవాడు. అమ్మేవాటికి మాత్రం పేర్లు పెట్టేవాడు కాదు.

నూకాలు చెప్పినవన్నీ నిజాలే అయ్యాయనుకోకండి. మచ్చలజెల్ల కూడా ఇంకేదో చేప పిల్లేనని ఒకసారి అనుమానపడింది. పెంచి చూస్తే అది మచ్చలజెల్లగానే ముసలిదైంది. "నాను తప్పు!" అని సంతలో అందరికీ తనే చెప్పి, తనే ముందు నవ్వింది.

మొదటి ఏడు ఏమీ కనబడలేదు. రెండో ఏడు జానెడువి వలలో పడితే తిరిగి వదిలేశారు. నాలుగో ఏడు ఆశ్వయుజంలో ఒక తెల్లవారుజామున గురువులు పడవ ఒక పక్కకు ఒరిగి ఒడ్డుకు వచ్చింది. వల నిండా రాజమోసులు. అతను అందులో ఒకదాన్ని రెండు చేతుల్తో ఎత్తి భార్యకు అందించాడు. నూకాలు దాని పొట్ట తడిమి, జన లేదని చూసి, పిల్లలకు వండిపెట్టడానికి ఇంటికి తీసుకెళ్ళింది.

ఏది నిజమో తెలియనప్పుడు ఒట్టు పెట్టీ అరిచీ గెలవకూడదు, కాదనేవాడి కళ్ళ ముందే పెంచి, లెక్కపెట్టి తెలుసుకోవాలి. అలా తెలుసుకుని తినే ఊరికే రేపటి కూడు కూడా దక్కుతుంది.